నడుం మీద చెయ్యి

బొమ్మసంద్ర, బెంగళూరు,
ఆదివారం.

అక్కకు, నీ చెల్లెలు నాగరత్న దండాలతో రాస్తున్నది.

ఇక్కడ నేను బాగానే ఉన్నాను, అక్కడ మీరంతా చల్లగా ఉన్నారని తలుస్తాను. బావకు షుగరు తగ్గిందా? టీలో చక్కెర మానేశాడా, లేక నువ్వు పక్కింటికి పోయినప్పుడు చూసి వేసుకుంటున్నాడా? నీ మోకాలు ఎలా ఉంది? ఫోన్ చేస్తే నీకు సగం వినపడదు, నేను అరిస్తే ఈ వరస గదుల్లో అందరికీ నా సంగతులు తెలిసిపోతాయి. అందుకే ఉత్తరం రాస్తున్నాను. తీరిగ్గా చదువుకో.

మళ్ళీ తుంపర మొదలైంది. కంపెనీకి నడిచిపోయేటప్పుడు చలి, మధ్యాహ్నం ఎండ, తిరిగొచ్చేటప్పుడు వాన. ఏ బట్ట ఆరేయాలన్నా భయమే. క్యాంటీన్ సాంబారులో ఇప్పటికీ బెల్లం వేస్తున్నారు, నాకు ఇప్పటికీ కోపం వస్తూనే ఉంది. నువ్వు పంపిన చెనక్కాయల పొడి అయిపోయింది. ఎవరైనా ఇటు వస్తుంటే ఇంకొంచెం పంపు, కారం మాత్రం తగ్గించకు.

పని అదే. సీసా మూతలు ముందు నుంచి వరసగా పోతుంటాయి, వంకరవి ఏరి పక్కన పడేయాలి. బరువు పనేమీ లేదు గానీ పొద్దంతా స్టూలు మీద ముందుకు వంగి కూర్చోవాలి. ఆయన పోయాక ఈ ఊరికి వచ్చినప్పటి నుంచి నాకిదే కూర్చోవడం. నడుం నొప్పి సంగతి నీకు తెలిసిందే. ఈమధ్య అది ముదిరి, లేవాలంటే గోడ పట్టుకోవాల్సి వచ్చింది. సూపర్‌వైజరు మంచివాడే, కానీ కూర్చోలేని మనిషిని ఎన్నాళ్ళని పెట్టుకుంటాడు? ఆసుపత్రిలో చూపించుకో, నయం కాకపోతే ఊరికి పో అన్నాడు. వస్తే నువ్వు కాదనవని తెలుసు. కానీ మీ ఇంట్లో ఒక మూల మంచం వేసుకుని పడి ఉండటం నాకు ఇష్టం లేదక్కా. నా బతుకు నేను బతకాలని ఉంది.

స్కానింగ్ తీశారు. ఎముకలకు పెద్దగా ఏమీ కాలేదన్నారు. అక్కడ వ్యాయామాలు నేర్పే అమ్మాయి ఒకతె ఉంది. కన్నడ పిల్ల, ఓపిగ్గా చెప్తుంది. ఫిల్ము వెలుతురుకు పెట్టి వెన్నెముకకు రెండు పక్కలా చూపించింది. అక్కడ కండ నల్లగా, నిండుగా ఉండాలట. నాకు కింది భాగంలో అది చిక్కిపోయి మధ్యమధ్య తెల్లగా కొవ్వు చారలు పడ్డాయి. నొప్పి మొదలైతే ఆ కండ పని మానేస్తుందట, పని మానేస్తే కరిగిపోతుందట. నొప్పి తగ్గినా తనంతట తాను మళ్ళీ పనిలోకి దిగదట, మనమే బతిమాలి లేపుకోవాలట. అచ్చం బావ లాంటిదే అనుకున్నాను. ఈ మాట ఆయనకు చదివి వినిపించకు.

అప్పుడే ఆ అమ్మాయి నా నడుముకున్న గుడ్డ చూసింది. పోయినసారి నేను వచ్చినప్పుడు అమ్మ పాత చీర చింపి, బాలింతకు కట్టినట్టు నువ్వు చుట్టి పంపావే, అదే. నొప్పి ఎక్కువైతే కాసేపు కట్టుకోమన్నావు నువ్వు. నేను స్నానానికి తప్ప విప్పలేదు. పొద్దస్తమానం గుడ్డే పట్టుకుని ఉంటే కండకు ఇంక పనేముంటుంది అంది ఆ పిల్ల. నొప్పికి ఓర్చుకోలేక అని చెప్పాను గానీ అది సగమే నిజం. ఆ గుడ్డ బిగించుకుంటే వెనక నుంచి ఎవరో పట్టుకున్నట్టు ఉండేది. ఈ ఊళ్ళో నన్ను పట్టుకునేది అదొక్కటే. ఇప్పుడు విప్పేశాను. ఉతికి మడిచి తల కింద పెట్టుకుంటున్నాను.

ఆమె నేర్పిన వ్యాయామం వింటే నీకు నవ్వొస్తుంది. బోర్లా పడుకుని, ఏమీ కదపకుండా, పొత్తికడుపు కొంచెం లోపలికి లాగి నడుం దగ్గర ఆ కండను మాత్రం మెల్లగా బిగించాలి. బిగిసిందో లేదో మొదట్లో మనకే తెలియదు. ఇంకొకరు వెన్నెముకకు అటూ ఇటూ వేళ్ళు ఆనించి, కింద ఉబ్బిందో లేదో చెప్పాలి. మన చెయ్యే వెనక్కి తిప్పితే వేరే కండలు బిగిసి తికమక పెడతాయట. ఇంట్లో ఎవరినైనా చెయ్యి పెట్టమనండి అంది. సరేనన్నాను. బస్సులో వస్తూ ఎవరిని అడగాలా అని ఆలోచిస్తే ఒక్క పేరూ తోచలేదు. పక్క స్టూలు ఆమెతో రోజూ మాట్లాడతాను గానీ, నడుం చూపించేంత చనువు లేదు. ఆ పూట అన్నం వండుకోలేదు.

చివరికి నేను అద్దెకుంటున్న ఇంటావిడ అత్తగారిని అడిగాను. వాళ్ళు తాతల నాటి నుంచి బెంగళూరు తెలుగువాళ్ళు. కొడుకూ కోడలూ చిక్కపేటలో బట్టల కొట్టుకు పోతే చీకటి పడ్డాకే రావడం. అవ్వ టీవీ ముందు ఒక్కతే కూర్చుని ఉంటుంది. అడగ్గానే లేచొచ్చి నా చాప పక్కన కూర్చుంది. వేళ్ళు చల్లగా ఉన్నాయి. అవి ఆనగానే నాకు ఏడుపొచ్చింది. నొప్పి అనుకుని తీసేయబోయింది, వద్దన్నాను. నువ్వు ఆ గుడ్డ చుట్టిన తర్వాత ఇంకో మనిషి చెయ్యి నా వీపు మీద పడలేదక్కా.

రోజూ నేను పని నుంచి రాగానే అవ్వ వచ్చేది. వేళ్ళు ఆనించి, కొత్త కోడలిగా చిక్కపేటలో మూటలు మోసేవాళ్ళకు గంజి కాచి పోసిన కబుర్లు చెప్పేది. పోయేముందు, "మెత్తగానే ఉండాది మే, ఏమీ లేయలేదు" అనేది. నీలాగే, ముఖం మీదే చెప్పే మనిషి.

కిందటి వారం ఒకరోజు కబుర్ల మధ్యలో ఆగిపోయింది. "ఉండు మే. లేచింది. నా వేళ్ళ కింద లేచింది" అంది. మళ్ళీ చేయమంది, మళ్ళీ లేచింది. ఇద్దరం చిన్నపిల్లల్లా నవ్వుకున్నాం. ఆసుపత్రి అమ్మాయి కూడా చూసి, ఇలాగే చేస్తూ ఉంటే కండ నెలల మీద నెమ్మదిగా పుంజుకుంటుంది, పని మానక్కర్లేదు అంది. సూపర్‌వైజరు మధ్యమధ్యలో లేచి నిలబడనిస్తున్నాడు. కాబట్టి నువ్వు బెంగపెట్టుకోకు, నా పనికి ఢోకా లేదు.

అయితే అది లేచిన రోజే అవ్వ ఇంకో మాట కూడా అంది. "ఇంక నీకే తెలిసొచ్చింది గదా. నా చేత్తో పనేముండాది" అని లేచి వెళ్ళిపోయింది. మర్నాడు రాలేదు.

ఆ తర్వాతి రోజు నేనే పోయి, ఎందుకో సరిగ్గా రావడం లేదవ్వా అన్నాను. వచ్చి కూర్చుంది, వేళ్ళు ఆనించింది. నేను ఏమీ చేయలేదక్కా. ఊరికే పడుకున్నాను. ఏ కండ లేవాలని ఇన్నాళ్ళూ మొక్కుకున్నానో దాన్నే లేపకుండా పెట్టాను. అవ్వ చాలాసేపు చూసింది. తర్వాత అరచెయ్యి మొత్తం నడుం మీద పెట్టి, "లేయకపోతే పోనీలే మే. రేపు చూద్దాం" అంది. ఆమెకు తెలిసిపోయిందనే అనుకుంటున్నాను. చెయ్యి మాత్రం తీయలేదు.

బావకు నా నమస్కారాలు చెప్పు. పెద్దమ్మ కాళ్ళకు నా తరఫున దండం పెట్టు. పిల్లలకు ముద్దులు. నన్ను దీవించు. వీలు చూసుకుని ఒకసారి రా అక్కా, నాలుగు రోజులు బావ తన టీ తానే కాచుకుంటాడు. నువ్వు వచ్చేసరికి నాకు బాగా నయమై ఉంటుంది. అయినా నీతో ఇంకా తగ్గలేదనే చెప్తాను. నమ్మినట్టే ఉండి, కాస్త చెయ్యి పెట్టు.

నీ చెల్లెలు
నాగరత్న