ఖాళీగా తూచిన పెట్టె

సోచా లోయలో బోవెత్స్ ఊరి వాస్తవ్యుడను, కీర్తిశేషులు మార్టిన్ గారి కుమారుడను, విదేశాలకు వేటకు వెళ్లేవారికి ప్రయాణపు పెట్టెలు చేసి అమ్మే వృత్తిలో ఉన్నవాడను, యెర్నెయ్ క్రవాన్యా అనే నేను, ఇరవై మూడేళ్ల వయసులో, ఒంట్లో జ్వరం గాని కడుపులో సారా గాని లేకుండా, ఎవరూ వెనక నిలబడి చెప్పించకుండా, నా చేతిరాతతో రాస్తున్న మరణశాసనం ఇది. మతి స్థిమితంగానే ఉంది. కోపం సంగతి వేరు. దానికి చట్టంలో అడ్డు లేదు.

ఈ వయసులో వీలునామా ఏమిటని మా బాబాయి భార్య జోఫ్కా పిన్ని బంగాళాదుంపల గిన్నె బల్ల మీద ఎత్తి కొట్టింది. పరాయి దేశపు కొండలకు వేటకు పోయే ప్రతివాడూ ఒకటి రాసి వేటగాళ్ల గుడిసెలో ఉంచి పోవడం మా ఊరి ఆనవాయితీ. నేను వేటకు పోవడం లేదు, మూటలు మోయడానికి పోతున్నాను. అయినా కొండ అదే. వచ్చే వారం కిర్గిజ్ దేశానికి బయల్దేరి, కుబాత్ అనే మోతగాడి బదులు ఈ వేటకాలమంతా నేను మోస్తాను. కారణం నాలుగో అంశంలో ఉంది.

ఒకటి. నా బాబాయి కూతురు దారింకా అక్కను ఈ వీలునామా అమలు జరిపే బాధ్యురాలిగా నియమిస్తున్నాను. నా కుట్టుసూదులు, తోలు కోసే కత్తులు, రివెట్ల సుత్తి సర్వహక్కులతో ఆమెకు దఖలు పరుస్తున్నాను. వంకర కత్తిని ఆమె రొట్టె కోయడానికి వాడుతుందని నాకు తెలుసు. ఇకనైనా మానాలి.

రెండు. మోతకూలీల కష్టాల మీద నేను పోగుచేసిన కరపత్రాలన్నీ, అట్టపెట్టెతో సహా, వేటగాళ్ల సంఘం పెద్ద వింకో ప్రెట్నర్‌కు చెందుతాయి. "కరపత్రాలు చదివి కొండెక్కేవాడు కాగితం మీదే జారిపడతాడురా" అని గుడిసెలో పదిమంది ముందు నన్ను నవ్వులపాలు చేసింది ఈయనే. ఆ రోజు సారా గ్లాసు ఆయన టోపీ మీద గుమ్మరించాను. దానికి ఇప్పటికీ విచారించడం లేదు. గుడిసె పొయ్యిలో వాటిని తగలబెట్టుకోవచ్చు. షరతు ఒక్కటే, ప్రతిదాన్నీ చదివాకే తగలబెట్టాలి.

మూడు. పిన్నికి నా ఉన్ని దుప్పటి, నా గది కిటికీలోని పూలకుండీ. నీళ్లు ఎక్కువ పోయవద్దు. అమ్మ పోయాక నన్ను పెంచినందుకు ఇది చాలదని తెలుసు. తుంటి విరిగిన బాబాయిని ఇంటికి తెచ్చిన రోజు కూడా నా కంచంలో మొదట వడ్డించింది. ఆ ముద్ద నాకు ఇంకా దిగలేదు.

నాలుగు. జరిగినది అందరికీ తెలుసు. అయినా కాగితం మీద ఉండాలి.

మా ఇంటి పెట్టె అంటే ఓక్ చెక్క పక్కటెముకలు, పైన ఎద్దుతోలు, లోపల తుపాకీని పట్టి ఉంచే రెండు చెక్క ఒడులు. గురి చూసే దుర్భిణి ఎక్కడా తగలకుండా గాలిలో నిలిచేది. బరువు మాత్రం దున్నపోతంత. ఒక కరపత్రంలో చదివాను: దొర పెట్టెలో పెట్టుకునే ప్రతి అనవసరపు వస్తువునూ ఒక పేదవాడి వెన్నెముక మోస్తుంది. నిద్ర పట్టలేదు. పొద్దున్నే బాబాయి మీద విరుచుకుపడ్డాను. "నువ్వు చేసేది పెట్టె కాదు బాబాయ్, కాడి" అన్నాను. ఆయన సూది ఆపకుండా, "సరే, అయితే నువ్వే చెయ్యరా. నా వీపుకీ వయసొచ్చింది" అన్నాడు.

చేశాను. చెక్క తీసేసి నైలాను గుడ్డ వేశాను. ఒడుల స్థానంలో సన్నని స్పాంజి పరిచాను. ఖాళీ పెట్టెను చిటికెన వేలికి తగిలించుకుని వీధిలో తిరిగాను. నిరుడు శరత్కాలంలో బాబాయి, వింకో కొండమేక వేటకు కిర్గిజ్ దేశం వెళ్లినప్పుడు బాబాయి తుపాకీ అందులోనే వెళ్లింది. విమానంలో దాని మీద ఏవో సామాన్లు పడ్డాయి. గుడ్డ వంగింది, దుర్భిణి పక్కకు జరిగింది. కంటికి కనిపించేంత కాదు, కొండకు కొండకు మధ్య గురి తప్పేంత.

విడిదికి చేరగానే అందరూ కాగితపు గురి మీద ఒక గుండు పేల్చి చూసుకుంటారు. బాబాయి ఎప్పుడూ పేల్చడు. తన పెట్టెను తనే అనుమానించడం ఆయనకు నామర్దా. ఈసారి పెట్టె ఆయనది కాదు కదా, పేల్చి చూడమని వింకో పట్టుబట్టాడట. పరాయి దేశం వేటగాళ్లు చూస్తుండగా బాబాయి అన్న మాట వింకోయే నాకు చెప్పాడు: "మా వాడు చేసిన పెట్టె. నాదాన్నే అనుమానించనివాణ్ని, వాడిదాన్ని అనుమానిస్తానా. జనం ఏమనుకుంటారు."

నా పరువు కోసం పేల్చలేదు.

గుండు కొండమేక కాలికి తగిలింది. గాయపడ్డ జంతువును వదిలి రావడం మా లోయలో లేదు. బాబాయి నెత్తుటి జాడ పట్టుకుని మంచులో పోయి, దాన్ని అందుకుని బాధ తీర్చాడు. తిరిగొస్తూ జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. గుర్రం దిగలేని చోటు. కుబాత్ ఆయన్ని వీపున కట్టుకుని దించాడు. అప్పటినుంచి కుబాత్ నడుము వంగడం లేదు. ఈ ఏడు మోతకు రాలేనని కబురు పంపాడు. అతని వీపు మీద పెట్టె బరువు తగ్గిద్దామనుకున్నవాణ్ని, పెట్టె బదులు మనిషిని ఎక్కించాను.

కరపత్రంలోని ఆ వాక్యం తప్పని ఇప్పటికీ అనను. దాన్ని నేను చదివిన తీరే తప్పు.

ఐదు. తేలికైన, గట్టి పెట్టె చెయ్యడం మానవద్దని దారింకాను ఆదేశిస్తున్నాను. మోసేవాళ్లకు వీపులు ఇంకా ఉన్నాయి. అయితే బరువును అస్తరు నుంచి, జేబుల నుంచి, చక్రాల నుంచి తియ్యాలి. చక్రాలు మన రాళ్ల మీద ఎలాగూ తిరగవు. పక్కటెముకల నుంచి, ఒడుల నుంచి, మూలల నుంచి గోరంత కూడా తియ్యరాదు. పట్టీలు లోపలికి మడిచి ఉండాలి, విమానాశ్రయంలో దేనికీ చిక్కకూడదు. తూటాలకు తాళమున్న వేరే చిన్న డబ్బా. జిప్పు పళ్లు లావుగా ఉండాలి, తొడుగులు వేసుకున్న చేతికి అందాలి. కొనడానికి వచ్చినవాడు ఖాళీ పెట్టె ఎత్తి "అబ్బ, దూది" అంటాడు. వాణ్ని నమ్మవద్దు. నింపి ఎత్తించాలి. ఎత్తించాక కార్ఖానా మేడ మీది నుంచి కిందికి తొయ్యాలి. తోశాక అందులోని తుపాకీ పట్టుకెళ్లి పేల్చాలి. నేను చేసిన పెట్టెలు కొన్నవాళ్లందరి దగ్గరికీ వెళ్లి వాటిని వెనక్కి అడుగుతున్నాను. ఇంకా రానివి ఉంటే దారింకా తెప్పించాలి. ఒక్కటి కూడా విమానం ఎక్కరాదు.

ఆరు. నేను తిరిగి రాకపోతే, నాన్న ద్వారా నాకు సంక్రమించిన కార్ఖానా సగం వాటా మీది రాబడి కుబాత్‌కు, అతని తదనంతరం అతని భార్యకు చెందాలి. దానం అని ఎవరూ అనకూడదు. పిన్ని, "కుబాత్‌కి ఉన్ని మేజోళ్లు కూడా పట్టుకెళ్లు, ఊరికే చేతులూపుకుంటూ పోకు" అంది. తీసుకెళ్తున్నాను.

ఏడు. బాబాయి స్రెచ్కో క్రవాన్యా గారికి ఏమీ ఇవ్వడం లేదు.

కోపంతో కాదు. వీలునామాలో లాభం పొందేవాడు దానికి సాక్షిగా ఉండటానికి వీల్లేదు. నాకు ఆయనే సాక్షిగా కావాలి. చేతిరాత వీలునామాకు సాక్షులే అక్కర్లేదని దారింకా అంటుంది. చట్టానికి అక్కర్లేకపోవచ్చు. ప్రయాణం మాట ఎత్తినప్పటి నుంచి ఆయన ఔననలేదు, కాదనలేదు. ఒక్కసారి మాత్రం, "మూడు రోజులు మోసి నాలుగో రోజు ఆ కొండతో కూడా పోట్లాట పెట్టుకుంటాడు వీడు" అని పిన్నితో అన్నాడు. తిట్టడు. తుంటి సంగతి ఎవరైనా అడిగితే మేక తనకంటే అందంగా కుంటిందని నవ్విస్తాడు. ఒక్కసారి తిడితే ఇంట్లో తల ఎత్తుకుని తిరిగేవాణ్ని. ఆయన సంతకం చేస్తే వెళ్లమన్నట్టు. చెయ్యకపోతే ఆ చోటు ఖాళీగానే వదిలి వెళ్తాను. వెళ్లడం మాత్రం మానను.

రెండో సాక్షి తపాలా పంచే తోంచ్కా. అందుకని ఆమెకూ ఏమీ లేదు, మన్నించాలి.

ఇది నా మొదటి వీలునామా. ఇంతకు ముందు ఏదీ రాయలేదు.

బోవెత్స్, 2019 సెప్టెంబరు 12.

(సంతకం) యెర్నెయ్ క్రవాన్యా

సాక్షి: తోంచ్కా కొమాత్స్

సాక్షి: స్రెచ్కో క్రవాన్యా. నా కళ్లెదుటే సంతకం పెట్టాడు. నాలుగో అంశానికి మాత్రం నేను సాక్షిని కాను. పేల్చి చూడకూడదని అనుకున్నది నేను, వీడు కాదు. మిగతావాటికి సాక్షిని. వెళ్లిరా.