తడి మట్టి మీద రెండు గీతలు

మామా,

నువ్వు పోయి ఏడాదాయె. సదువుతవని కాదు, చెప్పకుంటే కడుపుల ఆగుతలేదని రాస్తున్న.

యుద్ధమైనంక మిలిటరీవోళ్లు అమ్మిన మోటార్ సైకిల్, కోదాడ డాక్టరుది, యాదికున్నదా? ఎడమకు గుంజుతున్నదని మన సూర్యాపేట దుకాణానికి తెచ్చిండు. నువ్వు ముందటి ఫోర్కును చేతితోని తడిమి, "మెలిపడ్డదిరా, విప్పాలె" అన్నవు. నాకే వంకరా కనబడలే. పని నేర్పినోనివని సూడకుంట, "మామకు సూపు తగ్గింది" అని డాక్టరుతో సహా అందరి ముందట నవ్విన. గుంజుడు కనబడకుంట వెనక చక్రం జర పక్కకు జరిపి బండి పంపిచ్చిన. నువ్వు చేతిల పానా కింద పెట్టి ఇంటికి పోయినవు. సచ్చేదాక మళ్ల దుకాణం మెట్టెక్కలే.

ఇయ్యాల డాక్టరు మళ్లొచ్చిండు. మఠంపల్లి తొవ్వల పడ్డడట, మోచెయ్యి దోక్కపోయింది. "ఇంకా లాగుతూనే ఉందయ్యా" అన్నడు. పొద్దుగాల వాన కొట్టింది. వెనక చక్రాన్ని మళ్ల నడుమకు తెచ్చి, నువ్వు చేసినట్టే బండిని తడి మట్టి మీద తిన్నగ నడిపిన. రెండు చక్రాలకు ఒక్కటే గీత పడాలె. రెండు పడ్డయి, నడుమ రెండు వేళ్ల సందు.

డాక్టరు దగ్గరికొచ్చేలోపల ఆ గీతలను కాలితోని చెరిపేసిన.

"మీ మామ ఆ రోజు చెప్పింది ఇదేనా?" అని అడిగిండు.

"కాదు సాబ్. మీరు పడ్డప్పుడు ఫోర్కు వంగినట్టున్నది" అన్న.

గాడ నువ్వుంటే, నా అబద్ధం బయట పెట్టకుంట, ఫోర్కు విప్పుమని పానా అందిస్తుంటివి.