ఆరన్ బర్ గెలిచిన ఉదయం

జెర్సీ సిటీ,
గురువారం, మార్చి 12, 2026

డాడీకి, ప్రభువు నామంలో మీ ఫెబీ వందనాలు. నేను ఇక్కడ క్షేమం. మీ మోకాలి నొప్పి తగ్గిందని మమ్మీ చెప్పింది, సంతోషం.

ఈ ఉదయం టీ కప్పు కడుగుతుంటే అడుగున కరగని పంచదార కనిపించింది. నేను టీలో పంచదార వేసుకోనని మీకు తెలుసు.

ఫోన్‌లో మీ గొంతు పెరిగితే నాకు మాట పడిపోతుంది. అందుకే రాస్తున్నాను. సిస్టర్స్ బడిలో మాట్లాడమంటే వణికేదాన్ని, రాయమంటే రాసేదాన్ని.

ఆదివారం ఆరాధన అయ్యాక మైక్ తీసుకుంటాను, ఆఫీస్‌కని బయల్దేరే మీ జోసఫ్ అంకుల్ రోజంతా ఎక్కడ కూర్చుంటున్నాడో సంఘానికి చెప్తాను అని సోమవారం మీరన్నారు. అప్పట్నుంచి నాకు అన్నం సయించడం లేదు. జాబ్ పోయిందని, ఇంట్లో భార్యకు చెప్పలేక లైబ్రరీ పార్కింగ్‌లో కారులో కూర్చుంటున్నానని ఆయన మీ ఒక్కరికే చెప్పుకున్నారు. మీరు ఆయన భుజం మీద చెయ్యి వేసి ప్రార్థన చేశారు.

ఇప్పుడు ఇదంతా ఒక్క మాట కోసం. ఎవరింట్లోనో భోజనాల దగ్గర, వాడికి పరిచర్య ఎందుకు, ముందు వరస కుర్చీ ఉంటే చాలు అని అంకుల్ మీ గురించి అన్నారట. విమలకుమారి ఆంటీ బిర్యానీ డబ్బాతో పాటు ఆ మాట కూడా తెచ్చి మీకు ఇచ్చారు. అన్నావా లేదా అని మీరు మెసేజ్ పెట్టారు. కుర్చీ అంటే తన ఉద్దేశమేమిటో చెప్తూ ఆయన పేజీలకు పేజీలు జవాబిచ్చారు.

మళ్ళీ పుస్తకంలోంచి ఎవర్నో లాక్కొచ్చిందని మీరు నవ్వుతారు. ఆరన్ బర్ ఈ దేశానికి మూడో వైస్ ప్రెసిడెంట్. రాజకీయాల్లో తన ప్రత్యర్థి హామిల్టన్ ఒక విందులో తన గురించి నీచంగా మాట్లాడాడని పేపర్లో పడిన ఎవరిదో ఉత్తరం చూసి తెలుసుకున్నాడు. అన్నావా లేదా అని అడిగాడు. హామిల్టన్ ఆ మాటకు అర్థాలు వివరిస్తూ జవాబు రాశాడు. చివరికి ఇద్దరూ పిస్తోళ్ళు పట్టుకుని నది ఒడ్డున ఎదురెదురుగా నిలబడ్డారు. బర్ తూటా తగిలి హామిల్టన్ మర్నాడు చనిపోయాడు.

ఆ చోటు మాకు దగ్గరే, వీహాకెన్‌లో. ఇవాళ సెలవు పెట్టి వెళ్ళొచ్చాను. అక్కడ హామిల్టన్ విగ్రహం ఉంది. గెలిచిన బర్‌కి లేదు. తర్వాత దేశద్రోహం కేసులో నిర్దోషి అని తేలినా పోయిన పేరు తిరిగి రాలేదు. దుర్మార్గుడనేవాళ్ళు, అన్యాయమైపోయాడనేవాళ్ళు ఇప్పటికీ వాదించుకుంటారు. నాకు మాత్రం ఆయన కూతురి మీదే ధ్యాస. ఆడపిల్లకు అంత చదువెందుకనే రోజుల్లో ఆమెకు లాటిన్, గ్రీకు చెప్పించాడు. పిస్తోలు పట్టుకునే ముందురోజు ఉత్తరం రాసిందీ ఆమెకే. ఆమె దూరంగా సౌత్ కరోలినాలో ఉంది. తెలిసేసరికి అంతా అయిపోయింది.

నాకు ముందే తెలుసు డాడీ. అదే నా కష్టం.

ఆదివారం మీరే గెలుస్తారు. మైక్ మీ చేతిలో ఉంటుంది, చెప్పేది నిజమే అవుతుంది, అంకుల్ తలెత్తలేరు. ఆ తర్వాత పాట ఎలా పాడతారు? పల్లవి మీరు ఎత్తుకుంటే చరణం ఆయన అందుకోవడమే నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ తెలుసు. నాకు ఫెబీ అని పేరు పెట్టింది కూడా ఆయనే.

కోపం వస్తే నా మీద చూపించండి. ఆ మైక్ మాత్రం ముట్టుకోకండి.

మీ కోసం ప్రార్థిస్తూ,
మీ కూతురు
ఫెబీ

తా.క.: వీహాకెన్‌కి నన్ను తీసుకెళ్ళింది జోసఫ్ అంకులే. ఇంట్లో ఆంటీకి అంతా చెప్పేసి, నిన్న సాయంత్రం మీ హెర్న్‌డన్ నుంచి ఒక్కరే డ్రైవ్ చేసుకుంటూ వచ్చారు. ఆ పంచదార కప్పు ఆయనదే. ఆ కుర్చీ మాట అన్నానని ఒప్పుకున్నారు. నాకు కాదు, డాడీకి చెప్పండి అన్నాను. ఈ కవరు మీద స్టాంపు లేదు, చూశారా? మీ మెయిల్‌బాక్స్‌లో వేసింది ఆయనే. మీ ఇంటి ముందు కారులో కూర్చుని ఉన్నారు.