పేరు చెప్పని మందు

తిరుపతి,
17-8-1981

అమ్మకు, నీ పంకజాక్షి నమస్కరించి రాయునది. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. అక్కడ నువ్వూ నాయనా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నువ్వు పంపిన కందిపొడి అందింది. దగ్గు తగ్గింది. ఇంటావిడ మిరియాల కషాయం కాచి ఇచ్చింది. నేను ఏ పార్టీకి పనిచేస్తున్నానని ఊళ్లో అడుగుతున్నారని రాశావు. ఏ పార్టీకీ కాదమ్మా. మాది చిన్న అధ్యయన కేంద్రం. పెద్దాయన కృష్ణమూర్తి గారు, నేను, ఒక టైపు మిషను. రైతుల ఇళ్లకు పోయి అడిగి రాసుకుంటాం, రిపోర్టు చేసి సర్కారుకు పంపుతాం, తెలిసింది మళ్లీ రైతులకు చెబుతాం. అంతే.

ఈ ఏడు పురుగుమందుల సంగతి అడుగుతున్నాం. వేరుశనగకు అందరూ కొట్టేది ఎర్ర డబ్బా మందే. నలభై ఇళ్లలో అడిగితే ఇరవై మూడు ఇళ్లలో కొట్టినవాళ్లకు కళ్లు తిరగడం, వాంతులు. డబ్బా మీద జాగ్రత్తలన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. అయినా రిపోర్టు అచ్చయ్యేదాకా ఏ మందు పేరూ ఎత్తవద్దన్నారు కృష్ణమూర్తి గారు. ముందే చెబితే ఎవరో మన చేత చెప్పించారంటారు, ఆ తర్వాత నిజం చెప్పినా నమ్మరు అన్నారు. నాకూ అది సబబే అనిపించింది.

పోయిన నెల పీలేరు దగ్గర ఒక పల్లెలో మీటింగు పెట్టాం. అయిపోయినాక మునిరామయ్య అనే రైతు ఎర్ర డబ్బా చేతిలో పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. నాయన వయసే ఉంటుంది.

"ఈ మందు మంచిదేనామ్మా? సదువుకున్నదానివి, నువ్వు సెప్తే వింటా."

చెబితే వినేవాడే. నేనేమో "రిపోర్టు వచ్చినాక చెప్తాం పెద్దాయనా" అన్నాను. ఆయన తల ఊపి, డబ్బా చంకలో పెట్టుకుని పోయాడు.

పదకొండో రోజు ఆ మందు కొడుతూ చేలోనే పడిపోయాడట. ఆసుపత్రికి తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది. విని ఆ ఇంటికి పోయాను. ఆయన భార్య భారతమ్మ నాకు మజ్జిగ ఇచ్చి, పక్కన కూర్చుని అడిగింది.

"ఆ రిపోర్టు వచ్చిందామ్మా? వస్తే సూసి కొడదామని పది దినాలు ఆగినాడు. పురుగు ఆగలేదు."

ఆమె నన్ను తప్పుపట్టి అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

తిరిగి వచ్చి కృష్ణమూర్తి గారికి చెబితే "ఇక పేరు చెప్పు" అన్నారు. రిపోర్టు పట్టుకుని ఆయన హైదరాబాదు పోయారు. అక్కడి అధికారులు చూస్తామన్నారట. అప్పటినుంచి నేను ప్రతి ఊళ్లో ఆ మందు పేరు ఎత్తి చెబుతున్నాను. చెప్పగానే రైతులు ఒకటే అడుగుతారు, మరి ఏం కొట్టాలని. గుడ్డు దశలో ఏరేయండి, దీపపు ఎర పెట్టండి అంటాను. చేనంతా పురుగు పాకినాక అవి ఏం పనికొస్తాయి? వాళ్లకు తెలుసు, నాకూ తెలుసు.

అమ్మా, ఇంతసేపూ రాయలేక రాస్తున్నది ఒకటుంది. ఆషాఢంలో ఇంటికి వచ్చినప్పుడు మన పశువుల కొట్టం అటక మీద అదే ఎర్ర డబ్బా చూశాను. అప్పటికే నాకు అన్నీ తెలుసు. పొరుగువాళ్లకు చెప్పనిది ఇంట్లో చెబితే తప్పు అనుకున్నాను. నాయనకు అన్నం వడ్డించాను, చేను ఎట్లుందని అడిగాను, ఆ మాట మాత్రం ఎత్తలేదు. అంత నీతి నాకెందుకమ్మా?

ఇప్పుడే బస్సెక్కాలని ఉంది. కానీ గురువారం దాకా మూడు ఊళ్లలో మీటింగులున్నాయి. నేను పోకపోతే వాళ్లకు చెప్పేవాళ్లు లేరు. శుక్రవారం మొదటి బస్సుకు వస్తాను. అంతదాకా నాయనను ఆ మందు ముట్టనీయవద్దు. పంట పోతుందంటాడు. పోతుంది. దానికి నా దగ్గర మాట లేదు. నన్ను తిట్టమను, కానీ ఆగమను. ఒకవేళ ఈ ఉత్తరం చేరేలోపే కొట్టి ఉంటే, ఒళ్లు సబ్బుతో కడిగించి, కడుపులో తిప్పినా, చూపు మసకేసినా క్షణం ఆగకుండా చిత్తూరు ఆసుపత్రికి తీసుకుపో.

ఇట్లు,
చెప్పవలసినప్పుడు చెప్పని నీ కూతురు,
పంకజాక్షి