కళ్ళతో వినే పిల్లలకు చోటు

గుంటూరు,
ఆదివారం, సాయంత్రం నమాజుకు ముందు.

చిరంజీవి తమ్ముడు సైదులుకు, మరదలు మీరాబికి, పిల్లలకు అక్క కాశింబి దీవెనలు. అమ్మకు నా సలాములు. ఈ ఉత్తరం అమ్మ పక్కన కూర్చుని నిదానంగా చదివి వినిపించు.

అల్లా దయవల్ల నేను బాగానే ఉన్నాను. అమ్మ ఆయాసం తగ్గిందా? చిన్నవాడి కాలి పుండు మానిందా? మీరాబిని బరువులు ఎత్తవద్దని చెప్పు. నా గురించి బెంగ పెట్టుకోకండి. బాగానే ఉన్నాను.

నీ ఉత్తరం చేరి చాలా రోజులైంది. ముందుగదికి సున్నం వేయించానని, రంజాన్ పండగకు వచ్చి ఇక అక్కడే ఉండిపొమ్మని రాశావు. వెంటనే జవాబు ఇవ్వలేదని కోపం తెచ్చుకోకు. ఏం రాయాలో నాకే తేలలేదు. ఇప్పుడు తేలింది. అది చెప్పాలంటే ఈ మధ్య జరిగినదంతా చెప్పాలి.

రంజాన్ ఒక్కపొద్దులు ఉంటున్నాను. ఎండ ఇంకా ముదరలేదు గానీ గాలి పొడిగా కొడుతోంది. ఇక్కడి బావినీళ్ళు ఉప్పన. మన పొన్నూరు కాలవ నీళ్ళు గుర్తుకొస్తాయి. హాస్టలు పిల్లలకు మసీదు అజాను వినపడదు కదా. అరుగెక్కి పడమర చూస్తూ కూర్చుంటారు. పొద్దు గూకగానే పరుగెత్తుకొచ్చి, ఒక్కపొద్దు విడవమని నా చేతికి నీళ్ళ గ్లాసు ఇస్తారు. ఒక్కోసారి తొందరపడి ముందే తెస్తారు. నేను వేలు ఆడిస్తే మళ్ళీ పోయి కూర్చుంటారు.

మూగపిల్లల బడి అంటే చప్పుడు ఉండదని అమ్మ అనుకుంటోంది. అలాంటిదేమీ లేదు. వాళ్ళ చప్పుడు వాళ్ళకు తెలియదు గనుక దానికి హద్దు లేదు. బల్లలు ఈడుస్తారు, తలుపులు దబదబా వేస్తారు, నవ్వితే వీధి చివరకు వినపడుతుంది. అంత చప్పుడులోనూ నాకు ఒంటరిగానే ఉంటుంది. మీ బావ పోయాక ఇక్కడికి మేట్రన్‌గా వచ్చానా, అప్పటి నుంచి నన్ను "అక్కా" అని పిలిచినవాళ్ళు లేరు. పిల్లలు నన్ను చెప్పుకోవాలంటే తలమీద కొంగు కప్పుకున్నట్టు చెయ్యి తిప్పుతారు. అదే ఇక్కడ నా పేరు.

మా బడిలో ఐదో తరగతి వరకే ఉంది. అది కూడా అద్దె ఇంట్లో. ఐదు అయిపోతే పిల్లలు ఇంటికి పోవాల్సిందే. హైస్కూలు తరగతులు పెట్టాలంటే సొంత భవనం ఉండాలి. మనం స్థలం చూపించి, సగం ఖర్చు పోగుచేస్తే మిగతా సగం సర్కారు ఇస్తుందట. స్థలం మార్చి ఆఖరులోగా చూపించాలి.

దుర్గ అని ఒక పిల్ల ఉంది. ప్రత్తిపాడు అవతల ఊరు. ఈ ఏడు ఐదు పూర్తవుతుంది. పెదవులు చూసి మాట పట్టడంలో బడి మొత్తానికి ఆమెను మించినవాళ్ళు లేరు. వాళ్ళ నాన్న అంకయ్య కూలిపని చేసుకునే మనిషి. సంక్రాంతి వెళ్ళాక వచ్చాడు.

"ఎండాకాలానికి తీసుకుపోతానమ్మా. పత్తి ఏరడానికి చెయ్యి సాయమైద్ది. ఎవరన్నా అడిగితే ముడిపెట్టేస్తా" అన్నాడు.

"పై తరగతులు వస్తాయి, ఆగు" అన్నాను.

"వస్తాయంటన్నారు గానీ ఏయమ్మా? వస్తే నేనెందుకు వద్దంటా?"

భవనం వస్తే దుర్గకు చదువు. రాకపోతే ఆ పత్తిచేను, ఆ పైన ఎవరో ఒకడు. తనకు ఏం కావాలో చెప్పగలిగిన పిల్ల, వినేవాళ్ళు లేనిచోటుకు పోతుంది.

అందుకే హెడ్మాస్టరు గారు, నేను చందాలకు ఊళ్ళు తిరిగాం. బస్సుల్లో, బళ్ళలో. ఒక్కపొద్దు మీద తిరగడం కష్టమే గానీ ఆయన గొంతు నాకంటే ముందే పోయింది. డబ్బు ఇచ్చేవాళ్ళు తక్కువ. గంపతో మిరపకాయలు ఇస్తారు, ఒడినిండా పత్తి ఇస్తారు. అవి మోసుకొచ్చి అమ్ముకోవాలి. ఒక ఊళ్ళో ఒకామె నడుంమీద చెయ్యి పెట్టుకుని అడిగింది: "మాట రానోళ్ళకి పెద్ద చదువేందమ్మా? ఇంటారా, చెబుతారా?"

"నోటితో చెప్పలేనివాళ్ళకే గదమ్మా రాత కావాల్సింది" అన్నారు హెడ్మాస్టరు గారు.

ఆమె గంప ముందుకు తోసి, "అదీ నిజమేలే. పట్టు గంప" అంది.

ఇలా తిరుగుతుండగా స్థలం దొరికింది. కోటయ్య గారని మిరపకాయల వ్యాపారి. ఊరి చివర రోడ్డు పక్కన రెండెకరాలు ఇస్తానన్నాడు. తన కల్లాలను ఆనుకునే ఉంది. "బడి నా కళ్ళెదురుగా ఉండాల. పొద్దున్నే కల్లంలోకి రాంగానే ఆ పిల్లలు కనపడాల" అన్నాడు. పేరు చెక్కించమని అడగలేదు. అంతకుమించి ఏమీ అడగలేదు. ఆ రోజు నమాజులో నేను రెండు రకాతులు ఎక్కువ చదివాను.

మంచిరోజు చూసి పిల్లలందరినీ ఆ చోటు చూపించడానికి తీసుకెళ్ళాం. చుట్టూ ఎర్రగా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. హెడ్మాస్టరు గారు మధ్యలో నిలబడి, ఇక్కడ తరగతులు, అక్కడ మగపిల్లల హాస్టలు, ఆ మూల ఆడపిల్లల హాస్టలు అని పెదవులు బాగా కదిలిస్తూ చెబుతున్నారు. కల్లంలో కూలీలు కాయలు తిరగేయడం మొదలుపెట్టారు. గాలి మావైపు తిరిగింది. నాకు తుమ్ములు వచ్చాయి. నేను డెల్టా మనిషిని, నాకు ఎప్పుడూ వస్తాయి. కోటయ్య గారికి, మాస్టర్లకు ఏమీ కాలేదు. ఈ నేలమీద పెరిగినవాళ్ళకు ఆ ఘాటు ఉన్నట్టే తెలియదు.

పిల్లలు మాత్రం పిడికిళ్ళతో కళ్ళు నులుముకుంటున్నారు. ఆ చేతులతోనే కాయలు ముట్టుకున్నారేమో, నులిమిన కొద్దీ మంట. దుర్గ ఏదో అడగబోయి, చేతులు కళ్ళమీద నుంచి తీయలేక ఊరుకుంది. నేను గడ్డం పట్టుకుని పలకరించాను. నా ముఖం చూస్తే గదా.

హెడ్మాస్టరు గారు మాట మధ్యలో ఆపేశారు. నా దగ్గరకు వచ్చి మెల్లగా అన్నారు: "కాశింబమ్మా, వాళ్ళకి మనం వినపడటం లేదు."

బడి కమిటీ కూర్చుంది. ఆ ఘాటు ఏడాదికి రెండు నెలలేగదా అన్నారొకరు. గోడ ఎత్తుగా కట్టిద్దామన్నారు ఇంకొకరు. ఆ రెండు నెలలే పరీక్షలకు చదివే నెలలని హెడ్మాస్టరు గారు చెప్పారు. అది అందరికీ తెలుసు. కానీ దానమిచ్చిన మనిషితో నీ నేల వద్దని ఎవరు చెబుతారు? మార్చి దగ్గరపడింది. చివరకు అందరూ నావైపు చూశారు. ముసలిదాన్ని, ఆడమనిషిని, నన్నయితే తిట్టడని కాబోలు.

నేనూ హెడ్మాస్టరు గారూ వెళ్ళాం. కోటయ్య గారు కొట్టులో గోతాల మధ్య కూర్చుని ఉన్నాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

ఆయన నవ్వాడు. "మిరపకాయ ఘాటు పడనోళ్ళు గుంటూరులో ఉంటారా అమ్మా? మా పిల్లలకి ఉగ్గులోనే కారం కలుపుతాం."

"మీ పిల్లలకు చెవులున్నాయి గదయ్యా. వీళ్ళకు కళ్ళే చెవులు."

నవ్వు ఆగిపోయింది. "అయితే నన్ను కల్లాలు ఎత్తెయ్యమంటారా?"

"అది అడగడానికి రాలేదు."

"మరేం అడగడానికొచ్చారు? నేనిచ్చింది పనికిరాదని చెప్పడానికొచ్చారు. సరే, విన్నాను. ఎళ్ళి రండి."

మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. నేను ఒక్కపొద్దులో ఉన్నాను కాబట్టి నాకు పోయిందేమీ లేదు, హెడ్మాస్టరు గారి నోరు మాత్రం పిడచకట్టుకుపోయింది. దారంతా దుర్గ పేరు మనసులో పెట్టుకుని అల్లాకు దువా చేస్తూ నడిచాను.

మళ్ళీ వారం కోటయ్య గారే బడికి వచ్చాడు. ఎవరితోనూ చెప్పకుండా వచ్చి తరగతి గుమ్మంలో నిలబడ్డాడు. ముందు బల్లమీద ఉన్న దుర్గను చూసి, "ఏమే, నీ పేరేంటి?" అన్నాడు. దుర్గ ఆయన ముఖం పరీక్షగా చూసింది. ఆయన మీసాలు నీకు తెలియవు, సైదులూ. పై పెదవి కనపడదు. దుర్గ లేచి, ఆయన మీసం వైపు చూపించి, అది పైకెత్తమని తన పెదవి మీద వేళ్ళతో చేసి చూపించింది.

తరగతిలో మాస్టరు గారికి చెమటలు పట్టాయి. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచి చూసేసరికి ఆ పెద్దమనిషి రెండు చేతులతో మీసాలు పైకి పట్టుకుని, "నీ పేరేంటమ్మా?" అంటున్నాడు.

"దు... గ్గ" అంది పిల్ల. నోటితోనే.

ఆయన మీసాలు వదిలేశాడు. బయటికి వచ్చి కండువాతో ముఖం తుడుచుకుని, "నల్లపాడు దారిలో నాకు పత్తిచేను ఉంది. ఆ దరిదాపుల కల్లాలు లేవు. అది రాయించుకోండి. నా కళ్ళెదురుగా ఉండదు. ఏం జేత్తాం" అన్నాడు. ఈసారి మంచినీళ్ళు మేమే ఇచ్చాం.

కథ ఇక్కడితో అయిపోతే నీకు సంతోషంగా రాసేదాన్ని. పత్తిచేను అంటే నల్లరేగడి. ఓవర్సీరు గారు గొయ్యి తీయించి చూశారు. వానకు ఉబ్బి, ఎండకు బీటలు వేసే నేల. గట్టినేల తగిలేదాకా పునాది తవ్వకపోతే గోడలు నిలవవట. "సగం బడి భూమిలోనే కట్టాలండీ" అన్నారు. మేం ఊరూరా గంపలతో మోసుకొచ్చినదంతా ఆ గోతిలోకి పోతుంది. వేరే చోటు వెతకడానికి గడువు లేదు. సర్కారుకు ఆ చేనే చూపించారు.

మిగిలిన దాంతో ఏం వస్తుందని పటం మళ్ళీ గీశారు. తరగతి గదులు ఉన్నాయి. మగపిల్లల హాస్టలు ఉంది. ఆడపిల్లల హాస్టలు ఉన్న మూల ఖాళీగా ఉంది.

"ఆడపిల్లలు కొద్దిమందే గదా. తర్వాత చూద్దాం" అన్నారు కమిటీవాళ్ళు. చెడ్డవాళ్ళు కారు. వాళ్ళూ అలిసిపోయారు. కానీ ఆ 'తర్వాత' ఎప్పుడు వస్తుందో నాకు తెలుసు. పడుకునే చోటు లేకుండా వయసొచ్చిన పిల్లను ఏ తండ్రి పంపుతాడు? ఆ భవనానికి దారి చూపింది దుర్గ. దుర్గకే అందులో చోటు లేదు.

అప్పుడు నేను అన్నాను, ఆ చేను దగ్గరలో ఒక ఇల్లు అద్దెకు చూడండి, పెద్ద ఆడపిల్లలను నా దగ్గర పెట్టుకుంటాను అని. వాళ్ళకు వండిపెడతాను, బడికి తీసుకెళ్ళి తీసుకొస్తాను. మీరు హాస్టలు కట్టేదాకా.

ఆ మాట ధైర్యంతో అన్నది కాదు, సైదులూ. నోట్లోంచి వచ్చేసింది. వచ్చాక నా మోకాళ్ళ నొప్పులు గుర్తొచ్చాయి. నువ్వు గుర్తొచ్చావు. కమిటీవాళ్ళ ముఖాలు తేటపడ్డాయి. హెడ్మాస్టరు గారు ఒక్కరే తల దించుకున్నారు. నేను ఇంటికి పోవాలనుకుంటున్న సంగతి ఆయనకు తెలుసు.

అంకయ్యకు కబురు పంపాం. వచ్చాడు. అంతా విని, తలగుడ్డ విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు.

"నువ్వు ఎన్నాళ్ళుంటావమ్మా?" అన్నాడు.

"ఎందుకు?"

"బిల్డింగుని జూసి పంపను. నిన్ను జూసి పంపుతా. నువ్వు నడిమజ్జన ఎళ్ళిపోతే, పిల్లని యాడ ఎతుక్కోను?"

దుర్గ పక్కనే నిలబడి ఉంది. వాళ్ళ నాన్న పెదవులు, నా పెదవులు మార్చి మార్చి చూస్తోంది. ఆ పిల్ల ముందు అబద్ధం ఆడలేం. చెవిని మోసం చేయవచ్చు గానీ, ముఖం చూసి వినేవాళ్ళను చేయలేం.

"దుర్గ హైస్కూలు చదువు పూర్తిచేసేదాకా ఉంటాను" అన్నాను.

అంకయ్య ఒక్కడే వెళ్ళిపోయాడు. దుర్గ ఉండిపోయింది.

అందుకని తమ్ముడూ, పండగకు వస్తాను గానీ ఉండిపోవడానికి రాను. రెండు రోజులు ఉండి వెనక్కి వస్తాను. ఆ ముందుగదిలో నీ పరుపుల దూది బస్తాలు వేసుకో, బయట మంచుకు తడిసిపోతున్నాయని రాశావుగా. నాకు రావాలని లేదని మాత్రం అనుకోవద్దు. చాలా ఉంది. ఒంట్లో బాగానే ఉంది, అలసటే తప్ప జబ్బేమీ లేదు. మళ్ళీ చెబుతున్నాను, బెంగ వద్దు.

పిల్లలకు కొత్త ఇంట్లో పరుపులు కావాలి. నీ చేత్తో దూది ఏకి కుట్టినవైతే మెత్తగా ఉంటాయి. ఒకేసారి వద్దు. వీలైనప్పుడు ఒక్కొక్కటి బస్సు మీద వేసి పంపు. మీరాబి చేత కాస్త గోంగూర పచ్చడి పెట్టించు. ఇక్కడివాళ్ళు పెట్టేది నోట పెట్టలేకపోతున్నాను.

పెద్దమ్మకు, మామయ్యకు, దర్గా దగ్గర ముజావరు గారికి నా సలాములు. పిల్లల నుదుట నా బదులు నువ్వు ముద్దుపెట్టు.

ఇంకొక్క మాట. ఐదు పూటలా నమాజులో అమ్మ నా పేరు చెప్పి, నేను త్వరగా ఇంటికి చేరాలని దువా చేస్తోందని రాశావు. అల్లా మన అమ్మ మాట ఎప్పుడూ తోసెయ్యలేదు, నాకు భయమంతా అదే. ఆ దువా మార్చమని చెప్పు. నన్ను రప్పించమని కాదు, దుర్గ చదువు అయ్యేదాకా ఇక్కడ నిలబెట్టమని అడగమను. అడిగేటప్పుడు ఆమె ఏడిస్తే, నువ్వు పక్కన కూర్చో.

మీ అందరి దువాలు కోరుతూ,
మీ అక్క
కాశింబి