సగపాలుకు ఆది జాకెట్టు

నానక్‌రామ్‌గూడ,
బుధవారం

మా అమ్మకు,

మూసాపేటకు గంట దూరంలో ఉండి ఉత్తరం రాస్తోందేమిటి, దీనికి పిచ్చి పట్టిందా అనుకుంటావు. ఫోన్లో చెప్పబోతే నీ కుట్టుమిషను చప్పుడు వినగానే నా ధైర్యం జారిపోతోంది.

నెలాఖరు ఆదివారం రేఖక్కకు ఒడిబియ్యం పోస్తున్నానని, రమ్యనూ తీసుకురమ్మని అన్నావు. రమ్య రానంటోంది. కారణం నేనే. మూడేళ్ల కిందట అక్కకు పోసినప్పుడు పోచమ్మత్త ఈ పిల్ల ఎవరని అడిగితే, రూమ్మేట్ అన్నాను. రమ్య ఆ రోజంతా వంటింట్లోనే కూర్చుని ఒడిలో పోసే ఎండుకొబ్బరి కుడుకలు తుడిచింది.

అమ్మా, రమ్య నా రూమ్మేట్ కాదు. నువ్వూ నాన్నా ఎలా బతికారో, మేమిద్దరం నాలుగేళ్లుగా అలా బతుకుతున్నాం. రాసేశాను.

మాలాంటి ఆడవాళ్లం, మగవాళ్లం శనివారాలు ఆఫీసుల వెనక టీ బండి దగ్గర కలుస్తాం. మాకు మాటల కరువు. ఉన్నవి తిట్లు, కాదంటే ఇంగ్లీషు. అందుకని మేమే పుట్టించుకున్నాం. ఇంట్లో చెప్పకుండా నెట్టుకొచ్చేవాళ్లు 'కిరాయికున్నోళ్లు', చెప్పేసినవాళ్లు 'సొంతింటోళ్లు'. కలిసి బతికే మనిషిని ఏమనాలో మాత్రం చాలారోజులు తేలలేదు. గిరీష్ 'జతగత్తె' అంటే అందరం నవ్వాం. చివరికి రమ్య 'సగపాలు' అంది. ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా సరిపోతుందని అందరూ పట్టుకున్నారు. ఇప్పుడు కొండాపూర్ దాకా పాకింది. ఆ మాట పుట్టించిన మనిషిని మన గడపలో అలా పిలవలేకపోయాను.

రమ్య రెండేళ్ల కిందట ప్రొద్దుటూరులో వాళ్లింట్లో చెప్పేసింది. అప్పట్నుంచి వాళ్లమ్మ ఫోనెత్తదు. మొన్న నాతో అంది: "మీ అమ్మ ముందర ఇంగోసారి రూమ్మేట్ అనిపించుకోలేను యశూ. నువ్వు పోయిరా పో." కోపంగానైనా అనలేదు. అదే నేను తట్టుకోలేకపోయాను.

రమ్య రాలేని ఇంటికి నేనూ రాను. నీ మీద అలిగి కాదు.

నీ బిడ్డ,
యశస్విని


మూసాపేట,
మంగళవారం

బిడ్డా యశస్వినీ,

నీ ఉత్తరం అందింది. నాలుగు రోజులు మిషను తొక్కలేదు. గిరాకీలు వచ్చి తిట్టిపోయారు. మొదట నీ మీద కోపం, తరవాత మీ నాన్న ఉంటే ఏమనేవాడోనని భయం. ఇంకా సగం అర్థం కాలేదు, అబద్ధమెందుకు.

పోచమ్మకు చెప్పాను. నలుగురూ ఏమనుకుంటారని గంటసేపు దండకం చదివింది. "ఆ నలుగురికి జాకెట్లు కుట్టేది నేనే గద వదినె, ఎవరి కొలత ఏందో నాకెరుకే" అన్నాను. చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

మీ కొత్త మాటలు నాకు నోరు తిరగవు. నాకు తెలిసింది ఒకటే, పెళ్లయిన ఆడబిడ్డకు ఒడిబియ్యం పుట్టింటివాళ్లు పోయాలి. వాళ్లమ్మ ఫోనెత్తదని రాశావే, అక్కడ ఆగి ఏడ్చాను. తల్లి ఉండి కూడా ఆ పిల్ల ఒడి ఖాళీగా ఉండాలా? రేఖకు పోశాక మీ ఇద్దరినీ పక్కపక్కన పీటల మీద కూర్చోబెట్టి పోస్తాను. పోచమ్మ వస్తే రానీ, లేకపోతే లేదు.

చీరలు తెచ్చాను. నీ కొలత నా దగ్గరుంది, రమ్యది లేదు. ఊళ్లో అందరికీ కుడతాను, మనింటికి వచ్చి కుడుకలు తుడిచిన పిల్లకు ఆనాడు జాకెట్టు గుడ్డయినా పెట్టలేదు. అది నా తప్పు, ఆమెకు చెప్పు.

కొలతకు రమ్య ఆది జాకెట్టు శుక్రవారంలోగా పంపు. పాతదైనా ఫికర్ లేదు, ఒంటికి సరిగ్గా పట్టేది పంపమను.

మీ అమ్మ,
రాజమ్మ