కాఫీ మర, చెక్క చక్రం

ఇసిపింగో బీచ్, డర్బన్
సెప్టెంబరు నెల, ఆదివారం మధ్యాహ్నం

శ్రీవారికి,

మీ పుష్పవేణి నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ మామయ్య, షర్మిల, నేను, మీరు వద్దన్నా ఇంట్లోకి వచ్చి పడుకునే ఆ గోధుమరంగు కుక్క, అందరం బాగున్నాం. మీరూ, మీ ఓడా, ఆ ఓడలో మీ వంట తినక తప్పని వాళ్లూ క్షేమంగా ఉన్నారని నమ్ముతున్నాను.

సాంతోస్ రేవు నుంచి మీరు రాసిన ఉత్తరం అందింది. అంతకు ముందుదీ అందింది. రెండింటికీ జవాబు లేదేమిటి, అలిగావా అని అడిగారు. అలగాలంటే మీరు ఎదురుగా ఉండాలి కదండీ, ఇక్కడ అలిగితే చూసేదెవరు? తీరిక లేదని రాస్తే అబద్ధమవుతుంది. మీకు చెప్పాల్సిన మాట ఒకటి ఉంది, దాన్ని ఎటునుంచి మొదలుపెట్టాలో తెలియక ఊరుకున్నాను. ముందు మీరడిగినవన్నీ చెప్పేస్తాను.

మీ ముద్దుల కూతురు షర్మిల మెట్రిక్ పరీక్షలకు చదువుతోంది. అంటే పుస్తకం ఒళ్లో పెట్టుకుని రేడియో వింటోంది. అయినా మార్కులు బాగానే వస్తున్నాయి, ఎలాగో నాకు అంతుపట్టదు. వంటింటి పైకప్పు కారడం ఆగింది. నేనే ఎక్కి తారు పూశాను. గుండె పట్టుకోకండి, క్షేమంగా దిగి కూడా వచ్చాను. పెరట్లో మడుంబె దుంపలు బాగా ఊరాయి. నిన్న వాటిని షాడ్ చేపతో కలిపి చింతపండు పులుసు పెట్టాను. మీరు లేని లోటు పులుసుకు తెలియలేదు గానీ నాకు తెలిసింది.

షాడ్ చేప ఎక్కడిది, కొన్నావా, ఎవరైనా పట్టి ఇచ్చారా అని అడుగుతారని తెలుసు. అక్కడికే వస్తున్నాను.

'నాన్న చేపలు పట్టడానికి రాళ్ల మీదికి వెళుతున్నాడా, ఆ కుర్చీలోనే కూర్చుంటున్నాడా? కొత్త రీలు నచ్చిందా?' అని రెండు ఉత్తరాల్లోనూ అడిగారు. పక్షవాతం తగ్గాక డాక్టరు చెప్పిన మాట మీరు మరచిపోరు, నేనూ మరచిపోను. కాళ్లు బాగున్నాయి, కుడిచెయ్యి కొంతవరకు వస్తుంది, కానీ మనిషి ఆ కుర్చీకి అలవాటుపడితే ఇక లేవడు అన్నాడు. అందుకే కదా ఓడ ఎక్కే ముందు మీరు ఆయన గాలం కర్రకు ఉండే పాత చెక్క రీలును దుకాణంలో ఇచ్చేసి, పైన మరికొంత కట్టి కొత్తది తెచ్చారు. పాతదానికి బ్రేకు లేదు, చేప లాగితే దాని పిడులు గిర్రున తిరిగి వేలి కణుపులు పగలగొడతాయి, బాగాలేని చేతికి అది ప్రమాదం అన్నారు. అందులో తప్పేమీ లేదు. మామయ్య కూడా 'సరే' అన్నారు. ఆ ఒక్క మాటే అన్నారు. మీరు దాన్ని సంతోషమనుకున్నారు, నేనూ అలాగే అనుకున్నాను.

సార్డీన్ చేపల గుంపులు ఒడ్డుకు వచ్చిన వారంలో ఆయన్ను రాళ్ల దగ్గరికి తీసుకెళ్లాను. ఊరంతా అక్కడే ఉంది. మామయ్య జోడీ రంగసామి గారు తన పాతరకం చెక్క చక్రం రీలు పట్టుకుని ఎప్పటి రాయి మీదే నిలబడి ఉన్నారు. మామయ్య చేతిలో మెరుస్తున్న, పక్కన పిడి తిప్పే కొత్త రీలు చూసి ఊరుకుంటారా?

"ఏం నర్సయ్యా, కాఫీ మర తెచ్చావేంటి? పాలు నేను తేవాలా?"

"మా అబ్బాయి కొన్నాడు రా ఇది. నీ కొడుకు నీకు టీ పొడి పొట్లమన్నా కొన్నాడా?"

అందరూ నవ్వారు. ఆ మాటకు నా కడుపు నిండిపోయింది, మీరు అక్కడ ఉండి వినాల్సింది. కానీ ఆ తర్వాత జరిగింది నవ్వేది కాదు. గాలం వేస్తే దారానికి కట్టిన సీసపు గుండు ఆయన కాళ్ల దగ్గరే పడింది. మళ్లీ వేస్తే నాచు మీద పడింది. చివరికి ఎలాగో నీళ్లలో పడింది, పెద్ద షాడ్ అందుకుంది కూడా. చేప పరుగు తీయగానే ఆయన కుడి అరచెయ్యి తనంతట తాను వెళ్లి రీలు మీద పడింది. చెక్క చక్రమైతే అంచుకు అరచెయ్యి ఆనించి ఆపుతారు కదా, ఇన్నేళ్ల అలవాటు. ఈ కొత్తదానికి అక్కడ అంచు ఏదీ? ఉరికే దారం కణుపులకు కోసుకుని చర్మం లేచిపోయింది, దారం పుటుక్కున తెగింది. మామయ్య మిగిలిన దారం చుట్టేసి ఇంటికి నడిచారు.

"ఇదేం రీలమ్మా, పిల్లలాడుకునే బొమ్మ. ఎవడికన్నా ఇచ్చెయ్," అని కుర్చీలో కూర్చున్నారు. కూర్చున్నవారు కూర్చున్నట్టే ఉన్నారు. జూన్ మొదలు చలికాలమంతా అలాగే గడిచింది. పిలిస్తే పలికేవారు, పెడితే తినేవారు. సముద్రం వైపు ఉన్న కుర్చీని రోడ్డు వైపు తిప్పుకున్నారు. ఈ సంగతి మీకు రాయడానికి నాకు చెయ్యాడలేదు.

నాకు ఆయన మీద కోపం కూడా వచ్చింది, దాచడమెందుకు? మీరు ముచ్చటపడి కొన్న వస్తువును బొమ్మంటారా అని. ఒకరోజు కసిగా ఆ కర్రా రీలూ తీసుకుని వెనక ఖాళీ స్థలంలోకి వెళ్లాను. గాలం తీసేసి వట్టి సీసం కట్టి విసిరాను. అది వెళ్లి పక్కింటి వాళ్లు ఆరేసిన దుప్పటికి తగిలింది. జీవితంలో మొదటిసారి విసిరినదాన్ని నేనే అంత దూరం వేశాను! వెంటనే లోపలికి వచ్చి ఆయన్ను కడిగేశాను.

"మామయ్యా, రీలు బంగారంలా ఉంది. నేనే వేశాను. మీకేమొచ్చింది?"

ఆయన ఒళ్లో ఉన్న కుడిచేతిని తువ్వాలు కిందికి జరుపుకున్నారు.

అప్పుడు నా బుర్ర పనిచేసిందండీ. ఆ కొత్త రీలుతో విసిరేముందు దారాన్ని చూపుడువేలికి తగిలించి పట్టుకోవాలి, సరైన క్షణంలో వదలాలి. అంతా ఆ ఒక్క వేలి మీదే ఉంది. మామయ్య కుడి చూపుడువేలికి దారం తగిలిందో లేదో తెలియదు. మధ్యాహ్నం టీ ఇచ్చి చూశాను. రెండు అరచేతులతో కప్పును నొక్కి పట్టుకుంటున్నారు, ఆ వేలు మాత్రం విడిగా పుల్లలా నిలబడి ఉంది. నెలల తరబడి టీ ఇస్తున్నదాన్ని నేనే, చూడనిదాన్నీ నేనే. వేలు చచ్చుబడిందని ఒప్పుకోలేక ఆయన రీలును తిడుతున్నారు.

బతిమాలి రాళ్ల దగ్గరికి తీసుకెళ్లి, ఎడమచేత్తో వేయించాలని చూశాను. ఆ ప్రయత్నం గురించి ఎక్కువ రాయను. సీసం వెనక్కి ఎగిరి రంగసామి గారి టీ ఫ్లాస్కును పగలగొట్టింది. ఆయన ఆ ఫ్లాస్కు శవాన్ని ఇప్పటికీ అందరికీ చూపిస్తున్నారు. కానీ మేలు జరిగింది కూడా అక్కడే. క్షమాపణ చెప్పడానికి ఆయన పక్కన నిలబడి, ఆయన చేప లాగడం చూశాను. విసిరేటప్పుడు కుడిచెయ్యి కర్రను పట్టుకుని ఉంటే చాలు, చక్రాన్ని చూసుకునేది ఎడమచెయ్యి. చుట్టేటప్పుడు పెద్ద పిడి, తోస్తే చాలు. ఆపడానికి అరచెయ్యి.

"అంకుల్, దీనికి వేళ్లతో పనేం లేదా?" అని అడిగాను.

"వేళ్లెందుకమ్మా, దారం తిన్నగా పరిచే ఎడమ బొటనవేలుంటే చాలు. మిగతాదంతా అరచెయ్యే. మీ మామ అరచెయ్యికి ఏమైంది, నిక్షేపంలా ఉంది. ఇందాక నా వీపు మీద చరిచాడుగా!"

మరునాడే మామయ్యను బలవంతంగా వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్లాను. మామయ్య పాత రీలు అక్కడ లేదు. జోహన్నెస్‌బర్గ్ నుంచి ఎవరో వచ్చి అద్దాల బీరువాలో పెట్టుకోవడానికి కొనుక్కుపోయారట. దుకాణంవాడు అదే రకం కొత్తగా చేసినది చూపించాడు. నల్ల ప్లాస్టిక్‌ది, బేరింగులు వేసినది, తేలిక. అది మంచిదే కావచ్చు. ఈసారి మామయ్య పక్కనే ఉన్నారు గనుక దాన్ని ఒకసారి తిప్పి చూశారు.

"ఇది వయసులో ఉన్నోడికి అమ్మా. ఇది తిరగడం మొదలెడితే ఆగదు. నా చెయ్యి కాస్త ఆలస్యంగా వెళ్తది, ఈలోపు దారమంతా చిక్కు పడిపోద్ది. చెక్కదైతే బరువు, అది నా కోసం ఆగుద్ది."

చలికాలంలో ఆయన మాట్లాడిన పొడవైన మాట అదే. దుకాణంలో నిలబడి కళ్లు తుడుచుకున్నాను.

ఆ దుకాణంవాడే చెప్పాడు, అమన్‌జిమ్‌టోటిలో మిసెస్ పెన్‌రోజ్ అని ఒకావిడ, చనిపోయిన భర్త రీళ్లన్నీ గ్యారేజీలో పెట్టి అమ్ముతోందని. వెళ్లాం. మామయ్య, మనల్ని ముందు గేటులోంచి రానివ్వని రోజుల అలవాటు కొద్దీ, తెల్లవాళ్ల ఇంటికి పక్క గేటు వెతుకుతూ గోడ చుట్టూ నడిచారు. ఆవిడ కిటికీలోంచి కేకేసింది.

"ముందు నుంచే రండయ్యా! పక్కన కుక్క ఉంది, దానికి మర్యాద తెలియదు!"

గ్యారేజీ నిండా రీళ్లే. "ఇవన్నీ నా సవతులు," అంది నాతో. "పెళ్లయ్యాక ఆయన నా చెయ్యి పట్టుకున్నది తక్కువ, వీటిని పట్టుకున్నది ఎక్కువ." నాకు ఆవిడ వెంటనే నచ్చేసింది. నాకూ అదే బాధ అన్నాను, మా ఇంట్లో అలాంటివాళ్లు ఇద్దరున్నారు అన్నాను.

మామయ్య ఒక్కో చక్రాన్నీ అరచేతిలో పెట్టుకుని, ఎడమచేత్తో తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని వింటున్నారు. "దీని ఇరుసు వంగింది." "దీని చెక్క లోపల పగిలింది." ఒకటి చాలాసేపు విని పక్కన పెట్టారు. "దీన్ని కడక్కుండా పెట్టారు. ఉప్పు తినేసింది."

ఆవిడకు పౌరుషం వచ్చింది. "మా ఆయన కడక్కుండా పెట్టడమా! ఇంటికి రాగానే ముందు రీలు కడిగి, తర్వాతే తను స్నానం చేసేవాడు."

"ఆఖరిసారి పెట్టింది ఆయన కాదేమో అమ్మా," అన్నారు మామయ్య నెమ్మదిగా.

ఆవిడ ఆ రీలు చేతిలోకి తీసుకుని, "ఆయన రాళ్ల మీద పడిపోయిన రోజు దీన్ని ఇంటికి తెచ్చింది నేనే. కడగాలని నాకెవరు చెప్పారు?" అంది. తర్వాత లోపలికి వెళ్లి, గుడ్డలో చుట్టిన ఇంకో చక్రం తెచ్చింది. ముదురు గోధుమ రంగు చెక్క, ఇత్తడి ఇరుసు, అంచు చెయ్యి రాసిరాసి నున్నగా అయిపోయింది. మామయ్య దాన్ని తిప్పి చెవి దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. తెరిచాక నావైపు చూసి తలూపారు.

"ఇది అమ్మేది కాదు. బీరువాలో పెట్టుకునేవాళ్లు చాలామంది అడిగారు, ఇవ్వలేదు. నువ్వేం చేస్తావు దీన్ని?" అని మామయ్యను అడిగింది.

"సముద్రానికి తీసుకెళ్తాను. ఇంటికొచ్చి కడుగుతాను."

ఇక ఇప్పుడు రాయక తప్పదు. రీలు ఇవ్వడానికి ఆవిడ ఒప్పుకుంది, డబ్బుకు కాదు. ఆవిడ అల్లుడికి కాఫీ మరల్లాంటి ఈ కొత్తరకం రీళ్లంటేనే ఇష్టమట, మంచిదేదైనా ఉంటే మార్చుకుందామంది. మీరు కొన్న రీలు, అవసరమొస్తుందేమోనని తెచ్చింది, నా సంచిలోనే ఉంది. ఇచ్చేశాను. మీ కష్టార్జితం, మీరు ప్రేమతో ఎంచి తెచ్చినది, మిమ్మల్ని ఒక్క మాట అడగకుండా ఇచ్చేశాను. మీరు ఓడ దిగి ఇంటికి వచ్చేసరికి అది గోడకు ఉండదు. మీ మనసు నొచ్చుకుంటుందని తెలుసు. తెలిసే ఇచ్చాను. మళ్లీ అలాంటి రోజు వస్తే మళ్లీ ఇస్తాను. ఈ మాట రాయడానికే ఇన్ని వారాలు పట్టింది.

కుర్చీ ఇప్పుడు కుక్కది. సర్కారు ఏటా షాడ్ వేట మూసేసే రోజు దగ్గరపడుతోందని మామయ్య నన్ను తెల్లవారుతుండగానే లేపుతున్నారు. ఎర కట్టడానికి ఆ వేలు సహకరించదు కాబట్టి ఆ పని నాది. నా చేతులు రోజంతా సార్డీన్ వాసనే. ఇన్నేళ్లూ మిమ్మల్ని ఆ వాసనకే వీధి కుళాయి దగ్గర నిలబెట్టాను, దానికి ఎగతాళి చేయకండి.

ఈ ఉదయం ఆయన గాలానికి మంచి షాడ్ పడింది. అది లాగుతుంటే చక్రం గిరగిరా తిరిగింది. మామయ్య అంచుకు అరచెయ్యి ఆనించారు, వదిలారు, మళ్లీ ఆనించారు. రంగసామి గారు ఎగతాళి మానేసి, "ఆపు, ఆపు, వదులు!" అని తానే పట్టినట్టు అరిచారు. చేప ఒడ్డుకు వచ్చాక మామయ్య ఎర్రగా కందిన అరచేతిని నాకు చూపించి, పళ్లన్నీ కనబడేలా నవ్వారు.

ఇంటికి నడుస్తూ, ఇవాళ మీకు ఉత్తరం రాస్తున్నానని, రీలు సంగతి ఎలా చెప్పాలో తెలియడం లేదని అన్నాను. మామయ్య రోడ్డు మధ్యలో ఆగిపోయారు.

"రీలు బాగోలేదని మాత్రం రాయకమ్మా. అది మంచి రీలు. ఆడు బాగా చూసే కొన్నాడు. దానికో వేలు కావాలి, నాకు లేదు. పోయింది. ఇక రాదు. ఆడి తప్పేం లేదని రాయి."

పక్షవాతం వచ్చాక ఆ వేలు పోయిందని ఆయన నోట విన్నది ఇదే మొదటిసారి. ఆయన మామూలుగానే చెప్పి చేప అందుకుని ముందుకు నడిచారు. ఏడ్చింది నేనే. ఆయన రాయమన్నది రాశాను.

ఇట్లు,
మీ రాక కోసం చూస్తూ,
మీ ఇల్లాలు
పుష్పవేణి